అరవై మూడో పొర

ఫైలు తెరిస్తే అన్నీ రంగులే.
ఎరుపు మీద నీలం, నీలం మీద పసుపు గళ్లు.
ఎత్తు మాత్రం ఎక్కడా లేదు.
గోడలు ఎన్ని అడుగులు లేపాలో చెప్పని
ఇంటి ప్లాను కాగితంలా
చిప్పు బొమ్మ నా ముందు వెల్లకిలా పడుకుంది.

దాన్ని లేపి నిలబెట్టడం నా పని.
ఏ పొర ఎంత మందం, పొరకీ పొరకీ మధ్య ఎంత గాజు,
అడుగున సిలికాను ఎంత లోతు,
పట్టిక చూసి ఒక్కో అంకెకీ ఒక్కో ఎత్తు కట్టాలి.
ముప్పై ఒకటి: రాగి, మొదటి అంతస్తు.
ముప్పై రెండు: దాని పైది.
యాభై ఒకటి: మధ్యలో మెట్లు.
మెట్లు మరిచిపోతే
పై కరెంటు పైనే, కింది కరెంటు కిందే,
మా మారతహళ్లి పీజీలో నీళ్లలాగ.

పోయిన నెల మైక్రాన్లకు బదులు
మిల్లీమీటర్లు అని నొక్కాను.
ఆవగింజలో పదో వంతు లేని కాయిల్
అన్నం పళ్లెమంత అయి కూర్చుంది.
సాఫ్ట్‌వేర్ ఏమీ అనలేదు.
అడిగినదానికి జవాబు చెబుతుంది అది,
నువ్వు అడగాల్సింది ఇదేనా అని అడగదు.

ఈ రాత్రి అలాంటి తప్పేం లేదు.
యూనిట్లు రెండుసార్లు చూశాను.
వేల వయాలను గుంపులుగా కలిపి దిమ్మెలు చేశాను.
ఖాళీలు నింపడానికి చల్లిన లోహపు ముక్కల్ని ఊడ్చేశాను.
పోర్టులు రెండు, ఒకటి లోపలికి, ఒకటి బయటికి.
అయినా మెష్ తెమలదు.
పదకొండు లక్షల త్రిభుజాలు. పన్నెండు.
కిటికీ అవతల ఔటర్ రింగ్ రోడ్డు మీద
మెట్రో క్రేను ఒక దూలాన్ని గాల్లో పట్టుకుని
ఎక్కడ దించాలా అని ఆలోచిస్తోంది.

వెతగ్గా వెతగ్గా దొరికింది.
అరవై మూడో పొర. మా పట్టికలో ఆ అంకె లేదు.
ఊరూ పేరూ లేనిదాన్ని
సాఫ్ట్‌వేరే పై రాగిలో సర్దేసింది.
కాయిల్‌కి ఎడమ పక్క, ఎవరూ చూడని మూల,
దగ్గరికి లాగి చూస్తే,
పిచ్చుక.

రెక్కకి నూట నలభై ఈకలు.
ఒక్కో ఈక ఒక్కో సూది మొన.
మొన మొన దగ్గరా
లెక్కలు తల పట్టుకుని కూర్చున్నాయి.

లేఅవుట్ గీసింది నసీమా.
హోసూరు రోడ్డు వైపు కంపెనీకి మారి ఆరు వారాలు.
తొమ్మిదేళ్లు ఇక్కడే గీసింది.
రిపోర్టుల మీద సర్క్యూట్ వాళ్ల పేర్లుంటాయి, మా పేర్లుంటాయి.
ఫోన్ చేశాను, రాత్రి పదిన్నరకి.
"దొరికిందా?" అంది. వెనకాల కుక్కర్ విజిల్.
"అది లోగోలకని ఫౌండ్రీ ఇచ్చిన పొరలే సామీ.
మొనలకి మినహాయింపు కూడా రాయించుకున్నా,
చూడకుండానే సంతకం పెట్టినారు.
మూడు చిప్పుల్లో ఉండాది. చూసింది నువ్వే మొదలు.
అడ్డమైతే తీసెయ్. నీ కాపీలో."

తీసేశాను, నా కాపీలో.
నాలుగు నిమిషాల్లో మెష్ అయిపోయింది.
ఇంటికి వెళ్లొచ్చు.

వెళ్లలేదు. ఈకలు కత్తిరించి, ఆకారం మాత్రం ఉంచి,
దాన్ని మళ్లీ ఆ మూలకే చేర్చి నడిపాను.
దేనికీ కలవని లోహం.
తీగ లేదు, మెట్టు లేదు, నేల లేదు.
అయినా కాయిల్‌లో కరెంటు తిరిగినప్పుడల్లా
దాని రొమ్ములోనూ ఒక సన్నటి సుడి,
తెర మీద లేత ఆకుపచ్చగా.
క్యూ విలువ పద్దెనిమిది పాయింటు నాలుగు రెండు నుంచి
మూడు తొమ్మిదికి జారింది.

"తేడా లెక్కలోకి రాదు" అని రిపోర్టులో రాశాను.
అబద్ధం కాదు.

రెండు దాటింది. క్యాబ్ బుక్ చేసి,
అది వచ్చేలోగా పట్టిక తెరిచి
చివరి వరుస కింద ఒక వరుస చేర్చాను.
అరవై మూడు. పై రాగి. మందం మూడు మైక్రాన్లు.
పక్కన వివరాల గడిలో:
నసీమా పిచ్చుక.
సిమ్యులేషన్‌లో తీసెయ్యండి.
చిప్పులో తియ్యకండి.